ఎనిమిది మందికి ఎంత పడవ?

"కేరళ వెళ్ళొచ్చారటగా! హౌస్‌బోటు ఎక్కారా? ఎంతయిందేమిటి?"

ఊరినుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఎదురైన ప్రతివాళ్ళూ ఇదే అడుగుతున్నారు. ఎంతయిందో చెప్పగానే కొందరు "అమ్మో!" అంటున్నారు, మరికొందరు "అంతేనా?" అంటున్నారు. ఇద్దరి మాటా నిజమే. ఎందుకంటే అక్కడ పడవకి ఒకటే ధర ఉండదు. ఎన్ని గదులు, ఎంతమంది జనం, ఏ నెల, ఏసీ ఎంతసేపు అనేవాటిని బట్టి ధర మారిపోతూ ఉంటుంది. ఐదొందల చీర కొనడానికి నాలుగు షాపులు తిరుగుతాం కదా మనం! అలాంటిది ఒక్కరోజుకి పదిహేను, ఇరవై వేలు పోసే పడవని ఫోన్లో ఫోటోలు చూసి కుదిర్చేసుకుంటే ఎలాగండీ? మేమూ కాస్తలో ఆ పనే చేయబోయాం. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

2024 జనవరిలో, సంక్రాంతి హడావిడి అయ్యాక బయల్దేరాం. నేను, మావారు, డిగ్రీ చదివే మా అమ్మాయి, ఇంటర్ చదివే అబ్బాయి, మా మరిది, తోడికోడలు, వాళ్ళ ఎనిమిదేళ్ళ బాబు, మా అమ్మ. వెరసి ఎనిమిది మందిమి. రైలు టిక్కెట్లు మా మరిదివి, పడవ ఖర్చు నాది అని ముందే అనుకున్నాం. రెండేళ్ళు చీటీ కట్టి కూడబెట్టిన దాంట్లోంచి పడవకని 20,000 రూపాయలు విడిగా కవర్లో పెట్టుకున్నాను.

ఈ ప్రయాణం అసలు మా అమ్మ కోసమే. అమ్మకి 72 ఏళ్ళు. కోనసీమలో కాలవగట్టున పుట్టి పెరిగింది. నాన్నగారు పోయాక మా దగ్గరే ఉంటోంది. ఒకరోజు టీవీలో కేరళ పడవలు చూపిస్తుంటే పప్పు రుబ్బడం ఆపేసి వచ్చి, "మా కాలవలాగే ఉందే!" అంది. ఏ కోరికా నోరు విడిచి చెప్పే మనిషి కాదు. ఆ ఒక్క మాటా నా మనసులో ఉండిపోయింది. మోకాళ్ళ నొప్పులు చూస్తే ఏడాదికేడాది ఎక్కువవుతున్నాయి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనిపించింది.

కట్టు పడవ కథ

విజయవాడ నుంచి అలెప్పికి నేరుగా రైలుంది. ధన్‌బాద్ నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ మన రాజమండ్రి, విజయవాడల మీదుగానే అక్కడికి పోతుంది. అలెప్పినే ఇప్పుడు ఆలప్పుళ అంటున్నారు.

ఆ పడవల్ని అక్కడ కెట్టువళ్ళం అంటారు. కెట్టు అంటే మన కట్టే. వళ్ళం అంటే పడవ. అసలైన పాతకాలపు పడవకి ఇనుప మేకులు ఉండవు. అంజిలి అనే చెట్టు చెక్కల్ని కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టినట్టుగా కట్టి, నీళ్ళు దిగకుండా జీడిపిక్కల పెంకులనుంచి తీసిన నల్లటి నూనె పూస్తారు. పూర్వం వీటిలో కుట్టనాడు ధాన్యాన్ని కొచ్చి దాకా మోసేవారు. రోడ్లు, వంతెనలు, లారీలు వచ్చాక ఈ పడవలకి పని లేకుండా పోయింది. 1990ల్లో వీటికే వెదురుతోనూ తాటాకుతోనూ పైకప్పు వేసి, లోపల గదులు కట్టి యాత్రికులకి అద్దెకివ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఒక గది పడవ మొదలుకొని పది గదుల పడవ దాకా ఉన్నాయి. కొన్నిటికి పైన మేడ కూడా ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే. ఇన్ని ఉంటే ఏది ఎంచుకోవాలి?

చిన్నది చవకేం కాదు

మావారిది పొదుపు పద్ధతి. "రెండు గదులది చాలు, ఒక్క రాత్రే కదా" అన్నారు. మా తోడికోడలికి మేడ ఉన్న పడవ మీద మనసు. వాళ్ళ పిన్ని కూతురు నిరుడు దాని మీద నుంచుని ఫోటోలు తీయించుకుందట. "తక్కువైతే నేనో రెండు వేలు వేస్తానక్కా" అని కూడా అంది. నేను కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. మాకు చెప్పిన ధరలు ఇవీ.

రెండు గదుల పడవ 11,000. వినడానికి చవకే. కానీ ఆ ధర నలుగురికి. గదికి ఇద్దరు చొప్పున లెక్కేస్తారు. పైన వచ్చే ఒక్కో పెద్దవాళ్ళకి 1,500, పిల్లవాడికి 750. మాలో ఏడుగురు పెద్దవాళ్ళు, ఒక చిన్నాడు. ఎక్కువైన ముగ్గురికి 4,500, బాబుకి 750 కలిపితే మొత్తం 16,250 అయింది!

మూడు గదుల పడవ 15,000. అది ఆరుగురికి. ఎక్కువైన ఒక మనిషికి 1,500, బాబుకి 750. మొత్తం 17,250.

నాలుగు గదుల మేడ పడవ 22,000. పైన ఇంకేమీ లేదు.

చూశారా! రెండు గదులకీ మూడు గదులకీ తేడా సరిగ్గా వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి కోసం గదికి నలుగురు నేలమీద పరుపులేసుకుని, ఒక బాత్‌రూమ్ ముందు వరసలో నిలబడాలా? లెక్క చూశాక మావారు కిక్కురుమనలేదు. అందుకే చెబుతున్నాను, పడవ ధర అడిగేటప్పుడు "ఎంత?" అని ఊరుకోకండి. "మేం ఇంతమందిమి, పిల్లల వయసు ఇంత, మొత్తం ఎంత?" అని అడగండి.

ఇంకో సంగతి. పడవ మధ్యాహ్నం 12 గంటలకి ఎక్కించుకుని మర్నాడు ఉదయం 9కి దింపుతారు. 21 గంటలు తిరుగుతామని అనుకోకండి. భోజనాల వేళ ఓ గంట ఆపుతారు. సాయంత్రం ఐదున్నరకల్లా ఎక్కడో గట్టుకి కట్టేస్తారు. ఆ తర్వాత చేపలవాళ్ళు వలలు వేసుకుంటారు కాబట్టి పెద్ద పడవలు నడపకూడదు. అంటే పడవ నడిచేది ఐదారు గంటలే. మిగతాదంతా ఒక ఇంట్లో ఉన్నట్టే. కాబట్టి పడుకోవడానికి, కూర్చోవడానికి అందరికీ వీలుగా ఉందా అన్నదే ముందు చూసుకోవాలి.

మెట్లు తేల్చిన సంగతి

ఇంటినుంచే ఒకాయనతో ఫోన్లో మాట్లాడాను. మేడ పడవ ఫోటోలు పంపి, "మీకోసం 19,000కి ఇస్తాను, ఇవాళే సగం అడ్వాన్సు పంపండి" అన్నాడు. నా కవర్లో సరిపోయే డబ్బే! తోడికోడలి ముఖం వెలిగిపోయింది. నేనూ ఊగాను. కానీ చూడకుండా డబ్బు పంపడానికి చెయ్యి రాలేదు. రైలు దిగిన రోజు మామూలు లాడ్జిలో దిగి, మర్నాడు పొద్దున్నే అందరం పున్నమడ దగ్గర పడవలు ఆగే చోటికి వెళ్ళాం. రేవంతా పడవలే. మన రథోత్సవంలో రథాలన్నీ నీళ్ళమీదికి వచ్చి నిలబడ్డట్టున్నాయి.

ఫోన్లో చెప్పిన పడవ చూపించమంటే, ఫోటోలో ఉన్నది "వేరే పార్టీకి వెళ్ళిపోయింది" అన్నారు. దాని బదులు చూపించిన దానికి పరుపులు మాసిపోయి, బాత్‌రూమ్‌లో కుళాయి కారుతోంది. అడ్వాన్సు పంపనందుకు మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

పక్కనే 22,000 మేడ పడవ ఉంటే అదీ చూశాం. శుభ్రంగా ఉంది. కానీ సోఫాలు, కూర్చునే చోటూ అన్నీ పైనే. పైకి వెళ్ళడానికి నిట్రంగా, ఇరుగ్గా మెట్లు. అమ్మ ఒక మెట్టు ఎక్కి, కమ్మీ పట్టుకుని ఆగిపోయింది. వెనక్కి తిరిగి నవ్వుతూ, "మీరంతా పైన కూర్చోండే, నేను కింద గదిలో పడుకుంటాలే" అంది.

నేను ఏదో అనేలోపే మా తోడికోడలు అందుకుంది. "అదేం కుదరదు పిన్నిగారూ, మీరు లేకుండా మాకు మేడెందుకు? అక్కా, మూడు గదులదే చూద్దాం పద" అంది. ఇంటిదగ్గర మూడు రోజులు ముభావంగా ఉన్న పిల్ల! నాకు కళ్ళు చెమర్చాయి.

మూడు గదుల పడవ ఒకే అంతస్తు. ముందు భాగంలోనే కుర్చీలు, భోజనాల బల్ల. నీళ్ళు చేతికందేంత దగ్గరగా కనిపిస్తాయి. గదికో బాత్‌రూమ్, గడప తక్కువ ఎత్తు. ఏసీ మాత్రం రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకానే. పగలు కూడా కావాలంటే ఇంకో మూడు వేలు అన్నారు. జనవరిలో నీళ్ళమీద గాలి ఊరికే వస్తుంటే ఏసీ ఎందుకండీ? వద్దన్నాం. ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళేవాళ్ళయితే ఆ సంగతి ఆలోచించుకోవాలి. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో ధరలు బాగా పెరిగిపోతాయట. వీలుంటే ఆ వారం మానేయండి.

వంట లేని రోజు

పడవలో నడిపే అతను, వంటతను, సాయానికి ఇంకో కుర్రాడు, ముగ్గురుంటారు. భోజనాలు అద్దెలోనే కలిసి ఉంటాయి. ఎక్కగానే కొబ్బరిబొండాలు ఇచ్చారు. ఇంజను చిన్నగా చప్పుడు చేస్తూ వెంబనాడు సరస్సులోకి వెళ్ళింది. మన దేశంలోకెల్లా పొడవైన సరస్సు అదే. 1952లో నెహ్రూగారు వచ్చినప్పుడు పాము పడవల పందెం జరిగిందట. ఆయన పేరు మీదే ఇప్పటికీ పున్నమడలో ఏటేటా పందెం పెడుతున్నారు.

మధ్యాహ్నం సాంబారు, అవియల్, బీన్స్ తోరన్, అప్పడం, కరిమీన్ చేప వేపుడు. అన్నం మాత్రం ఎర్రటి లావు గింజ. మనకి అలవాటు లేకపోతే తెల్లన్నం కావాలని ముందే చెప్పాలి. అమ్మ సోమవారం నీసు తినదు. ఆ సంగతి కూడా ఎక్కే ముందే చెప్పాం. వంటలన్నీ కొబ్బరినూనెతోనే. పిల్లలు ముఖాలు చిట్లించినా, తెచ్చుకున్న కందిపొడి, ఆవకాయ ఆదుకున్నాయి. వంటతనికి అమ్మ ఒక ముక్క ఆవకాయ పెడితే, అతను కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే మళ్ళీ చెయ్యి చాచాడు!

తోరన్ ఎలా చేశాడో అడిగి తెలుసుకున్నాను. బీన్స్ సన్నగా తరిగి, ఆవాలు, కరివేపాకు తాలింపులో వేసి, ఉప్పు, పసుపు చల్లి మూత పెట్టాలి. నీళ్ళు పొయ్యకూడదు. మెత్తబడ్డాక కొబ్బరి, పచ్చిమిర్చి, జీలకర్ర, రెండు చిన్నుల్లిపాయలు కచ్చాపచ్చాగా దంచి కలిపి రెండు నిమిషాల్లో దించేయాలి. మన కొబ్బరికూరకి అక్కచెల్లెలే. సాయంత్రం టీతో అరటిపండు బజ్జీలు ఇచ్చారు. తిని కూర్చోవడం తప్ప నాకింకో పని లేదు. పెళ్ళయ్యాక అలాంటి రోజు ఒకటి గడపడం అదే మొదలేమో!

నీళ్ళకంటే కిందున్న పొలాలు

కుట్టనాడు చూస్తుంటే కోనసీమే. అవే కొబ్బరిచెట్లు, అవే కాలవలు, అవే వరిపొలాలు. ఒక్కటే తేడా, ఇక్కడ పొలాలు సముద్రమట్టం కంటే పల్లంలో ఉంటాయి. గట్లు కట్టి, నీళ్ళు తోడేసి వరి వేస్తారు. పడవలో కూర్చుంటే పొలం మనకంటే కిందికి కనబడుతుంది. ఈ సాగు గొప్పతనం గుర్తించి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో దీనికి వారసత్వ గుర్తింపు ఇచ్చింది.

పెద్ద పడవలు సన్నకాలవల్లోకి వెళ్ళలేవు. అసలు అందమంతా అక్కడే ఉంది. అందుకే మేడకి పెట్టకుండా మిగుల్చుకున్న డబ్బుతో శికారా అనే చిన్న పడవ రెండు గంటలు తీసుకున్నాం. గంటకి 800. ఎక్కేటప్పుడు మేమంతా భయపడుతూ ఉంటే అమ్మ, "అంచుమీద కాదర్రా, నడిమధ్యలో కాలు పెట్టి వెంటనే కూర్చోవాలి" అంటూ పడవతని చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు దిగి కూర్చుంది. మోకాళ్ళ నొప్పులమ్మేనా ఈవిడ అనుకున్నాం! కాలవగట్టున అంట్లు తోముకుంటున్న ఒకావిడ అమ్మని చూసి చెయ్యి ఊపింది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఇద్దరూ ఒకే ఊరివాళ్ళలా నవ్వుకున్నారు.

రాత్రి పడవ గట్టుకి కట్టేశాక, భోజనాలై పిల్లలు పేకాటలో పడ్డారు. అమ్మ ముందు కుర్చీలో కూర్చుని నీళ్ళకేసి చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి కాలవలు తవ్వించినప్పుడు కాటన్ దొర పడవలు నడవడానికి లాకులు కూడా పెట్టించాడు కదా. ఆ కాలవల్లోనే అమ్మని పడవమీద కాపురానికి తీసుకెళ్ళారట. "పద్దెనిమిదేళ్ళు నాకు. లాకుల దగ్గర పడవ ఆగితే, తలుపులు తీసేదాకా గంటసేపు ఏడ్చాను. మీ నాన్న ఏమనాలో తెలీక, గట్టెక్కి జామకాయలు కొనుక్కొచ్చి నా ఒళ్ళో పోశారు" అంది. ఇన్నేళ్ళలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. మా తోడికోడలు అమ్మ కాళ్ళ దగ్గర చాపమీద కూర్చుని, "తర్వాతేమైంది పిన్నిగారూ?" అని అడుగుతూనే ఉంది. అమ్మ కింద గదిలో, మేం మేడమీద ఉంటే ఈ కబుర్లు మాకు దక్కేవా?

ఇవి మరిచిపోకండి

అందం తర్వాత, ముందు ప్రాణం. 2019 సెప్టెంబరులో మన గోదావరిలో కచ్చులూరు దగ్గర ఎంత ఘోరం జరిగిందో మనం మరిచిపోలేం. 2023 మే నెలలో కేరళలోనే తానూరులో, పట్టకూడనంత మందిని ఎక్కించుకున్న పడవ తిరగబడి 22 మంది పోయారు. కాబట్టి పడవ ఎంతమందికి అనుమతి ఉన్నదో అడగండి. రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. లైఫ్ జాకెట్లు మనిషికొకటి లెక్కపెట్టండి, పిల్లలకి వాళ్ళ సైజుది అడగండి. మా బాబుకి పెద్దవాళ్ళ జాకెట్ ఇస్తే మెడలోంచి జారిపోయింది. చిన్నది తెప్పించేదాకా పడవ కదలనివ్వలేదు. మన పాపికొండల యాత్రకైనా ఇదే పద్ధతి.

ఇద్దరే వెళ్తే ఒక గది పడవ చాలు. నలుగురైతే రెండు గదులు. అంతకు మించితే మాలాగా మొత్తం కూడి చూసుకోండి. పెద్దవాళ్ళు ఉంటే మెట్లు, గడపలు, బాత్‌రూమ్ చూడండి. రాత్రి ఉండే స్తోమత లేకపోతే దిగులుపడక్కర్లేదు. పగటిపూట తిప్పి దింపేసే పడవలున్నాయి. అదీ ఎక్కువనుకుంటే ఆలప్పుళ నుంచి కొట్టాయం వెళ్ళే ప్రభుత్వ బోటు ఎక్కండి. చాలా తక్కువ టిక్కెట్టుతో రెండున్నర గంటలు అవే నీళ్ళమీద వెళ్ళొచ్చు. బిస్కెట్ కాగితాలు, ప్లాస్టిక్ సీసాలు మాత్రం నీళ్ళలో పడేయకండి. ఆ నీళ్ళ ఒడ్డునే వాళ్ళు బతుకుతున్నారు.

ఇంతకీ నా కవరు లెక్క చెప్పలేదు కదూ! పడవకి 17,250, శికారాకి 1,600, దిగేటప్పుడు పడవలోని ముగ్గురికీ కలిపి 1,000. మొత్తం 19,850. మిగిలిన 150 అమ్మ చేతిలో పెడితే, రైల్వే స్టేషను దగ్గర అరటికాయ చిప్స్ కొని అందరికీ పంచింది. తన వాటా మాత్రం తినకుండా పొట్లం కట్టి సంచిలో పెట్టుకుంది. ఎందుకమ్మా అంటే, "మీ నాన్న ఫోటో దగ్గర పెడతానే" అంది.